రక్తపు పోటు – గుండె నీరసము



నూలు ధర, రిబేటు, కూలిరేట్లు మొదలగునవి మన పత్రికలో ఎప్పుడును ఉండునవే. ఈసారి ఆరోగ్యమును గురించి వ్రాయుటకు ఒక కారణమున్నది. నేను మెట్రిక్ వరకు చదివినవాడనే గాని వైద్యుడను కాను. డాక్టర్లను అడిగి తెలిసికొన్నదియు, చదివినదియు మీ ముందుంచుచున్నాను.

మా సంఘములో ఏబది యేండ్లు దాటిన సభ్యుడొకరు ప్రతి వారము తప్పక సరుకు తెచ్చి యిచ్చెడివారు. ఒకప్పుడు వరుసగా ఐదు వారములు జాగు చేసిరి. నేను లెడ్జరులో “ఆలస్యము” అని ఐదుసార్లు వ్రాసి, కూలిలో కోత వేసితిని గాని కారణ మడుగలేదు. సాయంత్రమునకు ఆయన కాళ్ళు వాచుచుండెనట. “మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే వాపు రాదా?” అని ఇంటివారికి సర్దిచెప్పెడివారట. రాత్రి పడుకొన్న కొంతసేపటికే ఊపిరాడక లేచి కూర్చొనెడివారట. ఆరవ వారమున రాయవేలూరులో ఆసుపత్రికి తీసికొనిపోయిరి. పోటు 190/110 ఉన్నది. గుండె నీరసించినదని చెప్పిరి. మూడేండ్ల క్రిందటనే ఆయనకు పోటు కనిపెట్టి బిళ్ళ లిచ్చియుండిరి. ఒంట్లో బాగుగానే ఉన్నదని ఆయన రెండు నెలలకే మానివేసిరి.

ఇందులో రెండు పొరపాటులున్నవి. ఒకటి ఆయనది, ఒకటి నాది. ఇవి మరియొకరికి జరుగకుండుటకే ఈ వ్యాసము.

పోటు అనగానేమి?

రక్తము నాళముల గోడలపై వేయు ఒత్తిడియే పోటు. పై అంకె గుండె ముడుచుకొన్నప్పటిది, క్రింది అంకె సడలినప్పటిది. వేర్వేరు దినములలో చూచినను 140/90 గాని, అంతకు మించి గాని ఉన్నచో అది అధికపు పోటు. చాలమందికి దీనివలన నొప్పిగాని, బాధగాని తెలియదు. అందుచేతనే ఇది ప్రమాదకరము.

గుండె నెట్లు చెరుచును?

పడుగు మరీ బిగిసిన మగ్గమును తొక్కుట యెంత కష్టమో మనకు తెలియును. ప్రతి తొక్కుకును అదనపు బలము కావలెను. పోటు హెచ్చినప్పుడు గుండె పనియు అట్టిదే. దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొను గుండె, ప్రతిసారియు ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా రక్తమును నెట్టవలసి వచ్చును. అందువలన ఎడమ గది గోడ దళసరి యగును. కండ పెరిగినది గదా, మంచిదే యని తలపరాదు. దళసరియైన గోడ బిరుసెక్కి చక్కగా సడలదు. గది నిండుగా రక్తమును పట్టదు. వెనుక నిలిచిన ఒత్తిడి ఊపిరితిత్తులకు తగిలి, అచ్చట నీరు చేరి ఆయాసము కలుగును. కొందరికి ఏండ్లు గడచిన పిమ్మట గోడ సాగి, గది పెద్దదై, నెట్టు శక్తియే తగ్గును.

మరియొక దారి కూడ కలదు. పోటు వలన గుండెకు రక్తమిచ్చు నాళములు పూడుకొని గుండెపోటు వచ్చును. చచ్చిన కండ మరల పనిచేయదు. మిగిలిన కండ మీదనే భారమంతయు పడును.

గుండె నీరసమనగా గుండె ఆగిపోవుట కాదు. శరీరమునకు కావలసినంత రక్తమును అందింప లేకపోవుట.

లోకము నేర్చిన పాఠము

అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టును 1944 మార్చిలో పరీక్షించినపుడు పోటు 186/108 ఉన్నది, గుండె నీరసమును కనబడినది. అంతటి వానికిని ఆనాడు పోటును గట్టిగా తగ్గించు మందు లేకపోయెను. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను.

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణమున 1948లో ప్రారంభమైన పరిశోధన నుండి 1996లో ఒక సంగతి వెల్లడియైనది. గుండె నీరసము వచ్చినవారిలో నూటికి 91 మందికి అంతకు ముందే పోటు ఉండెను.

మన దేశపు సర్పగంధ వేరు పోటును తగ్గించునని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రకటించెను. ఆ వేరునుండి తీసిన రిసర్పిన్, మరి రెండు మందులతో కలిపి అమెరికాలో 380 మందిపై జరిపిన పరీక్ష ఫలితములు 1970లో వచ్చినవి. మందు పుచ్చుకొన్న 186 మందిలో ఒక్కరికిని గుండె నీరసింపలేదు. ఉత్తుత్తి బిళ్ళలు తిన్న 194 మందిలో 11 మందికి నీరసించెను. నేడు అంతకంటె మేలైన మందులున్నవి గనుక ఎవరును వేరు తెచ్చి మ్రింగరాదు.

ఇది పట్టణపు ధనికుల జబ్బని అనుకొనవద్దు. రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవారు 1991–94లోను, మరల 2010–12లోను మన ప్రాంతపు పట్టణములలో, పల్లెలలో పరీక్షలు జరిపి, రెండు చోట్లను పోటు హెచ్చినదని తెలిపిరి.

మనము చేయవలసినది

1. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును ఏడాదికొకసారి యైనను పోటు చూపించుకొనవలెను. అరక్కోణం, గుడియాత్తం ప్రభుత్వ ఆసుపత్రులున్నవి. తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5న ప్రారంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకము పోటు మందులను ఇంటికే తెచ్చి యిచ్చుటకు ఏర్పడినది.

2. ఒంట్లో బాగున్నదని బిళ్ళలు మానరాదు. బాగుండుట ఆ బిళ్ళల వలననే.

3. నడుము నొప్పికి అంగడిలో కొని మ్రింగు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు పోటును పెంచును, ఒంట నీరు నిలుపును. మగ్గముపై కూర్చొను మనకు ఈ అలవాటు మెండు. డాక్టరు నడుగక వాడరాదు.

4. ఉప్పు దినమునకు ఒక చిన్న చెంచా, అనగా 5 గ్రాములు మించరాదు. ఊరగాయ, అప్పడము, ఎండుచేపలలోని ఉప్పును ఈ లెక్కలోనిదే. పొగాకు, సారాయి విడువవలెను.

5. కాళ్ళ వాపు, మెట్లెక్కిన ఆయాసము, పడుకొన్నచో ఊపిరాడకుండుట, రెండు మూడు దినములలోనే రెండు కిలోల బరువు పెరుగుట – వీనిలో ఏది కనబడినను మగ్గము మీద నెపము వేయక ఆసుపత్రికి పోవలెను.

ఆ సభ్యుడు దైవకృపచే బ్రదికియున్నారు. మందులు తప్పక పుచ్చుకొనుచు పూటకు కొంచెముగా నేయుచున్నారు. ఆనాడు కోసిన కూలిని పాలకవర్గము ఆయనకు తిరిగి యిచ్చినది. ఇకమీదట కూలి పంచు దినమున సంఘ కార్యాలయములో పోటు చూచు ఏర్పాటు చేసితిమి. లెడ్జరులో “ఆలస్యము” అని వ్రాయుటకు ముందు కారణ మడుగుట నా వంతు. వచ్చి చేయి చాచుట మీ వంతు.

ఇట్లు,
కార్యదర్శి