ఛాయాచిత్రములను కూర్చుకొను విధము
(తల్లిదండ్రులకొక పాఠము)

పూర్వము మన యిండ్లలో ఛాయాచిత్రములు మిక్కిలి తక్కువ. పెండ్లినాటి పటమొకటి, పెద్దల పటములు రెండు మూడు, బడిలో తరగతి పిల్లలందరు కలిసి తీయించుకొన్నది యొకటి, ఇంతియే. అవి గోడమీద చట్రములలోనో, ట్రంకుపెట్టెలో బట్టల యడుగుననో భద్రముగా నుండెడివి. పటము వెనుక సిరాతో పేరు, ఊరు, తేది వ్రాసి పెట్టు అలవాటు పెక్కు కుటుంబములలో నుండెడిది. ఆ రెండు పంక్తుల వ్రాత వలననే, పటములోనివారు గతించిన పిదప కూడ, వారెవరో మనకు తెలియుచున్నది.

నేడు ఒక్క పెండ్లిలోనే వందలకొలది చిత్రములు తీయుచున్నారు. చేతిఫోనులలో వేలకొలదిగా నిండియున్నవి. కాని యీ చిత్రములకు వెనుక వైపు లేదు. వ్రాయుటకు సిరా లేదు. ఇంకొక యిరువది సంవత్సరములకు మన పిల్లలు వీనిని తెరచి, "ఈ పెద్దమ్మ యెవరు? ఈ గుడి యే యూరిది?" అని యడిగినచో చెప్పువారు లేకపోవచ్చును. కావున డిజిటల్ చిత్రములను క్రమముగా కూర్చుట, వానికి పేర్లు పెట్టుట, వానిలో సారము నేరి యుంచుట యను మూడు పనులను గూర్చి యీ వ్యాసమున వివరింపదలచితిమి. ఈ పనిలో కొంత యంత్రము చేయును. కొంత ఆట చేయించును. తక్కినది ఇంటి పెద్దల మాట వలననే జరుగవలెను.

1. పూర్వుల క్రమము

మీరట్ సమీపమునందలి సర్ధానాలో 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదున ఆరవ నిజామగు మహబూబ్ ఆలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ మన దేశపు ఛాయాచిత్రకారులలో అగ్రగణ్యుడు. ఆయన 1905లో గతించెను. ఆయన చిత్రశాలలో గాజు పలకలకు వరుస సంఖ్యలు వేయు పద్ధతి యుండెను. అట్టి పలకలలో 2,857 పలకలను 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వారు సేకరించిరి. సంఖ్యయు పేరును ఉన్న చిత్రము ఏ కోటదో, ఏ కొలువుదో కనుగొనుట సులభము. చిత్రము, సంఖ్య, పేరు అను మూడును కలిసిననే అది సంగ్రహమగును. లేనిచో కుప్ప యగును.

2. యంత్రము చేయు పని

కెమెరా చిత్రమును మాత్రమే దాచదు. 1995లో జపానులో ఏర్పడిన ఎగ్జిఫ్ అను పద్ధతి ననుసరించి, తీసిన తేది, గంట, నిమిషము మున్నగు వివరములను చిత్రపు ఫైలు లోపలనే వ్రాసి పెట్టును. మనము అనుమతించినచో ఫోను అక్షాంశ రేఖాంశములను కూడ వ్రాయును. ఇదియే నేటి పటమునకు వెనుక వైపు వంటిది. ఈ వివరములను చదివి కంప్యూటరు వేలకొలది చిత్రములను ఏండ్ల వారీగా, నెలల వారీగా క్షణములో అమర్చగలదు. ఫైలుకు పేరు పెట్టునప్పుడు మొదట సంవత్సరము, తరువాత నెల, ఆ తరువాత తేది వ్రాసినచో అవి తమంతట తామే కాలక్రమమున నిలుచును.

ఒకే చిత్రము నాలుగుచోట్ల నున్నచో యంత్రము దానిని పట్టుకొని చూపును. ఒకే క్షణమున తీసిన పది చిత్రములలో స్పష్టముగా నున్నదానిని సూచించును. 2015లో వెలువడిన గూగుల్ ఫొటోస్ వంటి సాధనములు ముఖములను కూడ గుంపులుగా చేర్చును. యంత్రము ఒక్కొక్క ముఖమును సంఖ్యల వరుసగా మార్చి, దగ్గరగా నున్న వరుసలను ఒకే మనుష్యునివిగా నెంచును. అందువలననే ఒక్కొక్కప్పుడు అన్నదమ్ములిద్దరిని ఒక్కరిగా చేయును. ఒకే బిడ్డ పసితనపు ముఖమును, ఎదిగిన ముఖమును ఇద్దరిదిగా చేయును. అట్టి గుంపులను మనము సరిదిద్దవలసి యుండును.

తేదుల విషయమున రెండు హెచ్చరికలు. వాట్సాప్ ద్వారా సాధారణముగా పంపిన చిత్రములలో ఎగ్జిఫ్ వివరములు తొలగిపోవును. ఫైలు పేరులో కనబడునది చిత్రము తీసిన దినము కాకపోవచ్చును. అట్లే 1968 నాటి పాత పటమును నేడు స్కాను చేసినచో, యంత్రము దానిని నేటి చిత్రముగానే లెక్కించును. ఆ తేదిని చేతితో దిద్దవలెను.

3. యంత్రమునకు తెలియనిది

హొగెనక్కల్ జలపాతము వద్ద కావేరిలో గుండ్రని బుట్ట వంటి నావలో కూర్చుండి తీయించుకొన్న చిత్రము మన ధర్మపురిలో పెక్కు ఇండ్లలో నుండును. దానిని చూచి యంత్రము "నీరు, పడవ, మనుష్యులు" అని చెప్పగలదు. దానిని తమిళమున పరిసల్ అందురు. తెలుగున దానికి పుట్టి యని పేరు. చిత్రము క్రింద మనము "పుట్టి" యని వ్రాయనిచో, మన పిల్లలకు పరిసల్ తెలిసియుండును గాని పుట్టి తెలియదు. ఒక మాట ఇంటినుండి పోవుట ఇట్లే జరుగును. ఎవరును దానిని తీసివేయరు, ఎవరును వ్రాయరు, అంతే.

ఊరి పేరును గూర్చియు నిట్లే. "ధర్మపురి" యని మాత్రమే వ్రాసినచో, అది మన ధర్మపురియా, గోదావరి తీరమున లక్ష్మీనరసింహస్వామి వెలసిన ధర్మపురియా? ఆ ధర్మపురి 2016 నుండి తెలంగాణములోని జగిత్యాల జిల్లాలో నున్నది. తీర్థయాత్రకు పోయివచ్చినవారి ఇంట రెండు ధర్మపురుల చిత్రములును ఒకే పేరున కలిసిపోవును. జిల్లా పేరును కాలమునుబట్టి మారును. మన ధర్మపురి 1965 అక్టోబరు 2 వరకు సేలము జిల్లాలోనిది. హోసూరు, కృష్ణగిరి 2004 వరకు ధర్మపురి జిల్లాలోనివి. ఆ సంవత్సరమున కృష్ణగిరి జిల్లా వేరైనది. 1990లో హోసూరున తీసిన పటము వెనుక "ధర్మపురి జిల్లా" అని యున్నచో అది తప్పు కాదు. ఆ కాలపు నిజము. పాత వ్రాతను కొట్టివేయక, దాని ప్రక్కన నేటి పేరును చేర్చవలెను.

అన్నిటికంటె ముఖ్యము వరుసలు. యంత్రము ఒక ముఖమును వేయి చిత్రములలో వెదకి తెచ్చును. కాని ఆమె మన బిడ్డకు పిన్నియా, మేనత్తయా, అమ్మమ్మగారి చెల్లెలా యన్నది దానికి తెలియదు. అది చెప్పగలవారు ఇంటిలోని పెద్దలు. వారు చెప్పినది తెలుగులో వ్రాయవలెను. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగు లిపికి స్థానము కలిగినది. కావున తెలుగులో వ్రాసిన పేరును నేటి ఫోనులు, కంప్యూటరులు భద్రపరచును. తరువాత తెలుగులోనే వెదకి తెచ్చును.

4. ఆటగా మారిన పని

వేల చిత్రములకు పేర్లు వ్రాయుట విసుగు పుట్టించు పని. ఆ విసుగును పోగొట్టు ఉపాయమును అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న లూయిస్ వాన్ ఆన్ కనుగొనెను. పిదప డ్యూలింగో అను భాషాభ్యాస సాధనమును స్థాపించినవారిలో నొకడు ఈయనయే. 2003లో ఆయన "ఈఎస్‌పీ గేమ్" అను ఆటను వెలువరించెను. ఒకరినొకరు ఎరుగని యిద్దరికి ఒకే చిత్రము చూపబడును. వారు మాటలాడుకొనరాదు. చిత్రమును చూచి తోచిన మాటలను వ్రాయుచుండవలెను. ఇద్దరికిని ఒకే మాట తోచినప్పుడు గెలుపు. ఆ మాట చిత్రమునకు పేరగును. అంతకుముందే స్థిరపడిన మాటలను నిషేధించుటచే, తరువాతివారు క్రొత్త మాటలు వెదకవలసి వచ్చును. మొదటి నాలుగు మాసములలో పదమూడువేలకు పైబడినవారు ఆడి, పన్నెండు లక్షలకు మించిన మాటలను చేర్చిరి. 2006లో గూగుల్ సంస్థ యీ యాటను స్వీకరించి 2011 వరకు నడపినది. ఇద్దరు వేర్వేరుగా చెప్పిన మాట ఒక్కటైనప్పుడు అది నిజమగుటకు అవకాశము హెచ్చు. ఈ యాటకు మూలసూత్రమిదియే.

ఇంకొక యుదాహరణము. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు 2008 జనవరిలో మూడువేలకు పైగా పాత చిత్రములను ఫ్లికర్ అను వేదికపై ఉంచి ప్రజల సాయము కోరిరి. ఆ సంవత్సరము ముగియకముందే, ప్రజలు తెలిపిన వివరములతో ఐదువందలకు పైబడిన చిత్రముల పట్టికలను సవరించుకొనిరి. అంత గొప్ప గ్రంథాలయమునకు తెలియని ఊరి పేరు, మనిషి పేరు ఎచటనో యొక సామాన్యునకు తెలిసియుండెను. మన యింటి చిత్రముల విషయమున ఆ తెలిసినవారు మన ప్రక్క గదిలోనే యున్నారు.

5. ఇంట ఆడదగిన ఆటలు

(అ) జంటమాట. అవ్వ యొకవైపు, మనుమరాలు ఒకవైపు కూర్చుండవలెను. ఒక చిత్రమును ఇద్దరును చూచి, ఒకరికొకరు చూపక ఐదేసి మాటలు తెలుగులో వ్రాయవలెను. అవ్వగారికి కంటిచూపు తక్కువైనచో చెవిలో చెప్పగా వేరొకరు వ్రాయవచ్చును. కలిసిన ప్రతి మాటకు ఒక గెలుపు. కలియని మాటలను చదివి చర్చింపవలెను; అసలు లాభము ఇచటనే. మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఇంటింట నీ యాట నాడించి చూచితిమి. పెద్దలు "తిరగలి" అని వ్రాసినచోట పిల్లలు "రాయి" అని వ్రాసిరి. పెద్దలు "సంకటి" అన్నచోట పిల్లలు "కళి" అనిరి. రెండు మాటలును చిత్రమునకు చేర్పించితిమి. తమిళపు మాటను కొట్టివేయుట మా యుద్దేశము కాదు. దాని ప్రక్కన తెలుగు మాట నిలువవలెనన్నదే కోరిక.

(ఆ) వరుసల ఆట. పది మంది కలిసియున్న చిత్రము నొకదానిని తీసికొని, ఒక్కొక్కరిని చూపి "నీకు వీరేమగుదురు?" అని పిల్లల నడుగవలెను. చెప్పిన వరుస సరియైనచో పెద్దలు తల యూపవలెను. ఎడమనుండి కుడికి పేర్లు, వరుసలు వ్రాసి చిత్రముతో చేర్చవలెను.

(ఇ) కాలక్రమపు ఆట. తేది తెలియని పాత పటములు పది తీసికొని వరుసలో నుంచుమనవలెను. ఇంటి గోడ రంగు, బిడ్డ యెత్తు, కొట్టములోని ఆవు, కట్టుకొన్న చీర మొదలగునవి యాధారములు. "తమ్ముడింకను పుట్టలేదు, కావున ఇది ముందుది" అని చెప్పిన బాలుడు చరిత్ర వ్రాయు పద్ధతిని నేర్చుకొన్నట్లే.

6. సారము నేరుట

ఆరువందల పెండ్లి చిత్రములను ఎవరును తీరికగా చూడరు. ముప్పదింటిని అందరును చూతురు. కావున మొదట యంత్రముచేత నకళ్లను వేరు చేయించవలెను. తరువాత స్నాతకము, జీలకర్ర బెల్లము, మాంగల్యధారణము, తలంబ్రాలు, అప్పగింతలు అని ఘట్టములుగా విభజింపవలెను. ప్రతి ఘట్టమునకు ఇంటిలోనివారు తలకు మూడేసి చిత్రములను కోరుకొనవలెను. ఎక్కువమంది కోరినవి సంక్షేపములో చేరును.

ఇచట నొక జాగ్రత్త. స్పష్టత, వెలుతురు, చిరునవ్వు అను వానినిబట్టి యంత్రము చిత్రములను ఏరును. పందిట నొక మూలను కూర్చున్న తాతగారి చిత్రము మసకగా నున్నదని దానిని ప్రక్కకు త్రోయును. కాని ఆయనది ఆ పెండ్లిలో అది యొక్కటియే కావచ్చును. కొన్నాళ్లకు ఆయన చివరి చిత్రము కూడ అదియే కావచ్చును. కావున యంత్రము తీసివేయుమని సూచించిన వానిని ఒక పెద్ద, ఒక చిన్న కలిసి ఒకమారు చూచిన పిమ్మటనే తీసివేయవలెను.

7. భద్రత

ముఖ్యమైన చిత్రములకు మూడు ప్రతులుండవలెను; అవి రెండు విధములైన సాధనములలో నుండవలెను; ఒకటి వేరొక యింట నుండవలెను. ఉచిత సౌకర్యములను శాశ్వతములని నమ్మరాదు. కొంత కుదించిన చిత్రములకు గూగుల్ ఫొటోస్ ఇచ్చిన అపరిమిత ఉచిత స్థలము 2021 జూన్ 1తో ముగిసినది. ఇతరుల పిల్లల చిత్రములను వారి తల్లిదండ్రుల యనుమతి లేనిదే పదిమందికి పంపరాదు. ఏడాది కొకమారు పండ్రెండు చిత్రములను కాగితముపై అచ్చు వేయించి, పూర్వమువలె వెనుక పేర్లు వ్రాసి యుంచుట మేలు.

8. ముగింపు

తమిళనాడున 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము పిదప మన పిల్లలు తమిళమును తప్పక చదువవలసిన భాషగా చేపట్టవలసి వచ్చినది. మనము వసించు సీమ భాషను చక్కగా నేర్చుట వారికి మేలే. కాని బడిలో తెలుగునకు దొరకు గంటలు పరిమితములైనప్పుడు, ఇంటిలో వ్రాయు నాలుగు మాటలకు విలువ హెచ్చును. తెలుగు మాటలాడియు తెలుగు వ్రాయలేని బాలుడు, తన అవ్వ చిత్రము క్రింద ఆమె పేరును తెలుగున వ్రాయుటకు పూనుకొనినచో, అంతకంటె మంచి చేవ్రాత పాఠము మేమీయజాలము.

యంత్రము నానాటికి నేర్పరియగుచున్నది. అది చిత్రములను వెదకును, అమర్చును, ఏరును. పేరు చెప్పగల పెద్దలు మాత్రము నానాటికి తగ్గుచున్నారు. కావున ఏ పని ముందు చేయవలెనో తల్లిదండ్రులే నిర్ణయింతురుగాక.

అభ్యాసము (ఇంటిలోని వారందరు కలిసి చేయదగినది)

1. మీ యింటిలోని అతి పాత పటము నొకదానిని స్కాను చేసి, అందులోనివారి పేర్లు, వరుసలు, ఊరు, సుమారు సంవత్సరము తెలుగున వ్రాయుడు.
2. గడచిన సంక్రాంతి చిత్రములలో ఐదింటిని ఏరి, ఒక్కొక్కదానికి ఒక వాక్యము వ్రాయుడు.
3. పెద్దలు చెప్పగా పిల్లలకు క్రొత్తగా తెలిసిన పది తెలుగు మాటలను పట్టికగా వ్రాసి పాఠశాలకు పంపుడు.