పాత బాకీ మీద కోర్టు సమన్లు వస్తే: తెలుసుకోవలసిన పాఠం



మన బస్తీల్లో ఇప్పుడు వాయిదాల మీద రాని వస్తువు లేదు. ఫ్రిజ్, సెల్‌ఫోన్, కుట్టుమిషన్, బైకు అన్నీ వాయిదాలే. పెళ్లికి పర్సనల్ లోను, ఆస్పత్రి ఖర్చుకు క్రెడిట్ కార్డు. నాలుగు వాయిదాలు కట్టాక పని పోతుంది, లేదా ఇంట్లో ఒకరు మంచం పడతారు. కట్టడం ఆగిపోతుంది. కొన్నాళ్లు ఫోన్లు వస్తాయి, తర్వాత అవీ ఆగుతాయి. ఇంట్లోవాళ్లు ఆ సంగతే మరిచిపోతారు. కొన్నేళ్ల తర్వాత ఒక రోజు కోర్టు అమీనా వచ్చి తలుపు తడతాడు.

ఆ రోజు మనవాళ్లలో చాలామంది మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. కాగితం తీసుకోకుండా తలుపు వేసుకుంటారు. లేదా తీసుకుని బీరువాలో దాస్తారు. లేదా కంగారులో ఎవరో చూపించిన చోట సంతకం పెట్టి కొంత కట్టేస్తారు. ఈ మూడింటి వల్లా నష్టమే. నేను న్యాయవాదిని కాను, బడిపంతులిని. ఈ వ్యాసం వకీలు సలహాకు బదులు కాదు. వకీలు దగ్గరికి వెళ్లేముందు ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సిన విషయాలను పాఠంలా ఒక వరుసలో చెబుతున్నాను.

అప్పు గురించి ధర్మం చెప్పేది

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అది అప్పును రాసిపెట్టుకోవడం గురించి, సాక్షుల గురించి చెబుతుంది. అంటే కాగితానికి, లెక్కకు మన ధర్మంలో అంత విలువ ఉంది. దానికి రెండు ఆయత్‌ల ముందే, బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే అతనికి గడువు ఇవ్వాలని, మాఫీ చేయగలిగితే మరీ మేలని బోధ ఉంది. మరోవైపు, మూడు దీనార్ల అప్పు మిగిల్చి చనిపోయిన మనిషి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) వెనుకాడారని, అబూ ఖతాదా (రజి) ఆ అప్పుకు పూచీ పడ్డాకే చేయించారని హదీసుల్లో ఉంది. కాబట్టి అప్పును ఎగ్గొట్టే ఉపాయాలు నేర్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. నిజమైన బాకీ ఎంతో తేల్చుకోవడం, దాన్ని గౌరవంగా తీర్చుకోవడం, కానిదాన్ని కాదని ధైర్యంగా చెప్పడం ఎలాగో తెలుసుకుందాం.

మొదటి మెట్టు: వచ్చింది ఏ కాగితం?

అన్ని కాగితాలూ ఒకటి కావు. వకీలు పంపేది లీగల్ నోటీసు. అది కోర్టు ఉత్తర్వు కాకపోయినా జవాబు ఇవ్వడం మంచిది. కోర్టు ముద్ర, దావా నంబరు, హాజరు కావలసిన తేదీ ఉంటే అది సమన్లు. దానితోపాటు దావా ప్రతి ఉండాలి. లోక్ అదాలత్ నుంచి వచ్చే ముందస్తు నోటీసు రాజీకి పిలుపు మాత్రమే. అక్కడ ఒప్పుకుని తీరాలన్న బలవంతం లేదు.

చెక్కు బౌన్సు కేసు వేరు. అది క్రిమినల్ కేసు. నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లించకపోతే అవతలివారు కోర్టుకు వెళ్లవచ్చు. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడే వీలుంది. అలాంటి నోటీసు వస్తే ఆ రోజే వకీలును కలవాలి.

ఈ రోజుల్లో దొంగ నోటీసులు వాట్సాప్‌లో కూడా వస్తున్నాయి. కాగితం మీద 16 అక్షరాలు, అంకెలతో సి.ఎన్.ఆర్. నంబరు ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వేసి చూడండి. నిజమైన కేసయితే వాది పేరు, తదుపరి వాయిదా తేదీ కనబడతాయి. నంబరు లేకపోతే కోర్టు ఆఫీసులోనే అడగండి. నోటీసులో ఉన్న ఫోన్ నంబరుకు మాత్రం ముందు డబ్బు పంపకండి.

రెండో మెట్టు: సమన్లు తీసుకోండి, తేదీ రాసుకోండి

"సమన్లు తీసుకోకపోతే కేసు నడవదు" అనేది మన వీధుల్లో పాతుకుపోయిన పొరపాటు మాట. తీసుకోనంటే ఇంటి తలుపుకు అంటించి వెళ్లవచ్చు. రిజిస్టరు పోస్టును తిప్పి పంపినా అందినట్టే కోర్టు భావించవచ్చు. అప్పుడు మీ మాట వినకుండానే ఏకపక్షంగా డిక్రీ వస్తుంది. పొరుగింటివాడి దావాకైనా కంపెనీ దావాకైనా ఇదే పద్ధతి.

కాగితం అందిన తేదీని దాని మీదే రాసుకోండి. మామూలు సివిల్ దావాలో ఆ తేదీ నుంచి 30 రోజుల్లో రాతపూర్వక జవాబు దాఖలు చేయాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. కానీ నోటు మీద, రాతపూర్వక ఒప్పందం మీద వేసే సమ్మరీ దావా అనే రకం ఉంది. అందులో 10 రోజుల్లోనే హాజరు నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత వాదించడానికి కోర్టు అనుమతి కోరేందుకు మళ్లీ 10 రోజులే గడువు. అందుకే ఏ రకం దావానో మొదటి రోజే తెలుసుకోవాలి.

మూడో మెట్టు: జవాబులో ఏముండాలి?

దావాను పేరా పేరాగా చదివించుకోండి. ప్రతి పేరాకు "నిజం", "కాదు" అని జవాబు ఉండాలి. కాదనని విషయాన్ని ఒప్పుకున్నట్టే కోర్టు తీసుకోవచ్చు. ఈ ప్రశ్నలు వేసుకోండి.

అప్పు తీసుకున్నది నేనేనా? సంతకం నాదేనా? ఎంత తీసుకున్నాను, ఎంత కట్టాను? వాళ్లు చూపిన ఖాతా పట్టికలో నేను కట్టినవన్నీ జమ పడ్డాయా? ఒప్పందంలో లేని చార్జీలు ఏమైనా కలిపారా? దావా వేసింది నాకు అప్పిచ్చిన సంస్థేనా, వేరేదా? మొండి బాకీలను బ్యాంకులు వేరే సంస్థలకు అమ్ముతుంటాయి. అలాంటప్పుడు హక్కు బదిలీ అయినట్టు చూపే పత్రం అడగవచ్చు.

రశీదులు, బ్యాంకు పాసు పుస్తకం, ఫోన్లో వచ్చిన మెసేజీలు అన్నీ తేదీ వరుసలో పెట్టి వకీలుకు ఇవ్వండి. తీసుకున్నదాన్ని తీసుకోలేదని మాత్రం రాయించవద్దు. దైవప్రవక్త (స) అప్పు నుంచి అల్లాహ్ శరణు వేడేవారు. అప్పుల్లో పడిన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, మాట ఇచ్చి తప్పుతాడని అందుకు కారణం చెప్పారు. ఆ గండం సరిగ్గా ఇక్కడే ఎదురవుతుంది.

నాలుగో మెట్టు: బాకీకి కాలదోషం పట్టిందా?

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అప్పు వసూలు దావా సాధారణంగా మూడేళ్లలోపు వేయాలి. డిమాండు నోటయితే నోటు తేదీ నుంచి లెక్క. వాయిదాల అప్పయితే ఏ రోజు నుంచి లెక్కించాలో ఒప్పందంలోని షరతులను బట్టి ఉంటుంది. గడువు దాటాక వేసిన దావాను, ప్రతివాది ఆ సంగతి ఎత్తకపోయినా కోర్టు కొట్టివేయాలి. అలాగని ఇంట్లో కూర్చోకూడదు. వాది చూపించిన తేదీలే కోర్టు ముందు ఉంటాయి. వాటిలో తప్పుంటే చెప్పవలసింది మీరే.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ సంతకం చేస్తే, లేదా కొంత కట్టి చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి.

రెండు, గడువు దాటిపోయాక కూడా "కడతాను" అని రాసి సంతకం చేస్తే అది కొత్త ఒప్పందం అవుతుంది. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ దాన్ని చెల్లుబాటు చేస్తుంది. ఇంటికి వచ్చిన వసూలు ఏజెంటు "ఊరికే ఒక సంతకం" అన్నప్పుడు ఇది గుర్తుకు రావాలి.

మూడు, కరోనా కాలం. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువు లెక్కలో కలపవద్దని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఆదేశించింది. ఒక లెక్క చేద్దాం. 2019 జూన్ 10న రాసిన నోటు మీద ఒక్క చెల్లూ లేదు. మామూలుగా 2022 జూన్ 10తో గడువు ముగియాలి. మినహాయించిన 716 రోజులు కలిపితే గడువు 2024 మే చివరి వారం దాకా సాగింది. ఆలోపు దావా వేసి ఉంటే అది చెల్లుతుంది. చూడవలసింది దావా కోర్టులో దాఖలైన తేదీని. సమన్లు మీకు అందిన తేదీతో ఈ లెక్కకు పని లేదు.

కాలదోషం పడితే బాకీ పోయినట్టేనా?

ఈ ప్రశ్న మన మసీదు అరుగు మీద తరచు వినిపిస్తుంది. చట్టం చెప్పేది ఏమిటంటే, గడువు దాటాక కోర్టు ద్వారా వసూలు చేసే దారి మూసుకుంటుంది, కానీ బాకీ చెరిగిపోదు. 19వ శతాబ్దంలో తుర్కీ ఉస్మానీ రాజ్యంలో మజల్లా అనే ఇస్లామీ న్యాయసంహిత రూపొందింది. అందులోనూ ఇలాంటి విభజనే ఉంది. 15 ఏళ్లు దాటిన దావాను సాధారణంగా న్యాయస్థానం వినదు, కాని కాలం గడిచినంత మాత్రాన హక్కు పోదు.

కాబట్టి కోర్టులో కాలదోషం సంగతి చెప్పడం వేరు, అల్లాహ్ ముందు లెక్క వేరు. ఎనిమిదేళ్ల క్రితం 40 వేలు తీసుకుని 25 వేలు కట్టిన మనిషి మీద ఇప్పుడు వడ్డీ, జరిమానాలతో లక్షకు దావా వేస్తే, చట్టం ఇచ్చిన రక్షణ వాడుకోవడం తప్పని నేను అనుకోను. కానీ తీసుకున్న సొమ్ములో నిజంగా మిగిలి ఉన్నది తన మెడ మీద ఉందని అతను మరిచిపోకూడదు. చేయి తిరిగాక దాన్ని ఎలా తీర్చాలో వకీలును, ఆలిమ్‌ను ఇద్దరినీ అడిగి చేయాలి. స్తోమత ఉండి కూడా జాప్యం చేయడం జుల్మ్ అని హదీసు చెబుతోంది. స్తోమత లేనివాడికి ఆ మాట వర్తించదు.

బాకీ నిజమే, డబ్బు లేదు

ఇలాంటివారు కోర్టుకు తప్పక వెళ్లాలి. డిక్రీ ఇచ్చే సమయంలో సొమ్మును వాయిదాల్లో కట్టే వెసులుబాటు కల్పించే అధికారం కోర్టుకు ఉంది. డిక్రీ అయిపోయాక అడిగితే అవతలి పక్షం ఒప్పుకోవాలి. కాబట్టి మీ ఆదాయం, ఇంటి ఖర్చు, జబ్బు కాగితాలు చూపించి ముందే అడగండి.

రాజీకి లోక్ అదాలత్ మంచి వేదిక. కోర్టులో ఉన్న కేసు అక్కడ పరిష్కారమైతే కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. కానీ అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు ఉండదు. నెలకు నిజంగా కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోండి. చివరి వాయిదా కట్టాక "బాకీ లేదు" అనే పత్రం తప్పక తీసుకోండి.

ఏకపక్ష డిక్రీ వచ్చేసి ఉంటే

అప్పటికీ దారి మూసుకుపోలేదు. సమన్లు సరిగా అందలేదనో, హాజరు కాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపితే డిక్రీని రద్దు చేయమని అడగవచ్చు. డిక్రీ తేదీ నుంచి 30 రోజుల గడువు. సమన్లు సరిగా అందనప్పుడు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. డిక్రీ అమలుకు మాత్రం వాదికి 12 ఏళ్ల గడువుంది. అందుకే "చూద్దాంలే" అనకూడదు.

జప్తు, జైలు భయాలు

సివిల్ బాకీ కట్టలేనంత మాత్రాన జైలు ఉండదు. స్తోమత ఉండి, దురుద్దేశంతో ఎగ్గొట్టే వారికే అది వర్తిస్తుందని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. సొమ్ము డిక్రీ అమలులో స్త్రీని అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెబుతోంది. 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తివారి పనిముట్లు, కూలీల వేతనం జప్తు చేయరాదు. జీతంలో మొదటి 1000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ముట్టుకోరాదు.

తండ్రి చేసిన అప్పుకు వారసుల బాధ్యత వారికి అందిన ఆస్తి మేరకే. మన షరీఅత్‌లో కూడా వారసత్వ పంపకానికి ముందు మృతుని బాకీలు తీర్చాలి. ఆ ఆస్తికి మించి భారం బిడ్డల మీద పడదు.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టం చేసింది. వేధిస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తగిన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

వకీలు ఖర్చు భరించలేనివారికి

1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతాడు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారు కూడా అర్హులే. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

మన సంఘం చేయగలిగింది

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవారు ఒకరు. మనం రేషను కిట్లు, పుస్తకాలు పంచుతున్నాం. మంచిదే. దానికి తోడు రెండు చిన్న పనులు చేయవచ్చు. ఇంటర్, డిగ్రీ చదివిన మన పిల్లలు ఇద్దరు ముగ్గురు వారానికొక రోజు కూర్చుని, వచ్చిన కోర్టు కాగితాలను పెద్దవాళ్లకు చదివి చెప్పడం ఒకటి. న్యాయసేవాధికార సంస్థ దాకా వారికి తోడు వెళ్లడం రెండోది. ఇరవై వేల బాకీ కోసం సిగ్గుతో తలుపు వేసుకున్న ఇంటికి ఈ తోడు పెద్ద ఊరట.

అల్లాహ్ మనందరినీ అప్పు భారం నుంచి కాపాడుగాక. అప్పు ఉన్నవారికి దాన్ని తీర్చే దారి చూపుగాక. ఇచ్చినవారి హృదయాల్లో దయ నింపుగాక. ఆమీన్.