వేరుశనగ రైజోబియం: ప్రయోగశాలలో పెరుగుదలకు అనుకూల పరిస్థితులు

వేరుశనగ వేరు బుడిపెలలో నత్రజనిని స్థిరీకరించే బ్రాడీరైజోబియం నెమ్మదిగా పెరిగే బాక్టీరియా. ప్రయోగశాలలో దానిని వేరుచేసి వృద్ధి చేసేటప్పుడు ఉష్ణోగ్రత, ఉదజని సూచిక, ప్రాణవాయువు, కాలవ్యవధి అనే నాలుగు అంశాలను గమనించాలి.

ఉష్ణోగ్రత: 28-30 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. ఇతర బాక్టీరియా కోసం 37 డిగ్రీల వద్ద అమర్చిన ఇంక్యుబేటర్‌లో ఉంచితే పెరుగుదల మందగిస్తుంది.

ఉదజని సూచిక: ఈస్ట్ సారం, మానిటాల్ కలిగిన మాధ్యమాన్ని తటస్థ స్థితికి, అనగా 6.8-7.0కు సరిచేసి, 121 డిగ్రీల వద్ద 15-20 నిమిషాలు ఆటోక్లేవ్‌లో క్రిమిరహితం చేయాలి.

ప్రాణవాయువు: ఈ బాక్టీరియా గాలి అవసరమైన జీవి. అందువలన ద్రవ మాధ్యమాన్ని షేకర్‌పై నిరంతరం కదిలించాలి.

కాలవ్యవధి: పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వేగంగా పెరిగే రైజోబియం కాలనీలు 3-5 రోజులలో కనిపిస్తాయి. బ్రాడీరైజోబియంకు వారం లేదా అంతకుమించి పడుతుంది. రెండవ రోజునే పెరిగిన కాలనీని ఎన్నుకుంటే, అది కలుషిత బాక్టీరియా అయ్యే అవకాశం ఎక్కువ. బ్రోమోథైమాల్ బ్లూ కలిపిన మాధ్యమంలో వేగంగా పెరిగేవి సాధారణంగా ఆమ్లం వలన పసుపు రంగును, నెమ్మదిగా పెరిగేవి క్షారం వలన నీలి రంగును చూపుతాయి.

ఈ పరీక్షలు సూచన మాత్రమే. క్రిమిరహిత ఇసుకలో పెంచిన వేరుశనగ మొక్కకు బుడిపెలు ఏర్పడినప్పుడే నిర్ధారణ పూర్తవుతుంది. తొందరపడి ఎన్నుకున్న కాలనీతో జీవన ఎరువు తయారుచేస్తే, దానిని విత్తనానికి పట్టించిన రైతుకు ఆశించిన ప్రయోజనం దక్కదు.