ముందు చూసింది చెప్పు, తీర్పు తరువాత

అమ్మణ్ణీ,

బెంగళూరులో చేరిన సినిమా, సంగీతం కోర్సు మానేస్తానంటే నేను ఒప్పుకోను. ఫీజు కట్టేశావని కాదు, మానేయడానికి నువ్వు రాసిన కారణాలు రెండూ నిలబడవు కాబట్టి. క్లాసులో అందరూ పరాయిదేశపు దర్శకుల పేర్లెత్తి కురొసావా అంటున్నారు, గొదార్ అంటున్నారు, ఆలాపన మొదలయ్యీ కాకముందే రాగం పేరు చెప్పేస్తున్నారు, నీకు మాత్రం "బాగుంది" తప్ప మాట రావడం లేదు. ఇది మొదటిది. మన కెంచార్లహళ్ళి పల్లెలో పెరిగినదానివి, ముప్ఫై దాటాక ఇప్పుడీ సినిమాలూ సంగీతమూ నేర్చుకుని ఏం చేస్తావన్నది రెండోది. రెండోదానికి జవాబు సులువు కనుక దాన్ని ముందు తేల్చేస్తాను.

శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో హెగ్గోడు అని ఒక పల్లె ఉంది. వక్కతోటల ఊరు. మన ఊరికంటే పెద్దదేమీ కాదు. 1949లో అక్కడ కె.వి. సుబ్బణ్ణగారూ ఆయన స్నేహితులూ నీనాసం అని నాటక సంఘం పెట్టుకున్నారు. 1973లో దానికి తోడుగా చిత్రసమాజం మొదలైంది. ఆ తరువాత సుబ్బణ్ణగారు చేసిన పని వింటే పట్నం మేధావులు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటారు. పథేర్ పాంచాలి, రషోమాన్, బైసికల్ థీవ్స్ తెచ్చి ఆ ఊరివాళ్ళకు చూపించారు. చూసినవాళ్ళు తోటల్లో పనిచేసేవాళ్ళు, దుకాణాలు నడిపేవాళ్ళు, బడిపంతుళ్ళు. వాళ్ళకు బెంగాలీ రాదు, జపనీసు రాదు, ఇటాలియన్ అసలే రాదు. అయినా చూశారు, చూసి మాట్లాడుకున్నారు. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా చూడటమెలాగో నేర్పిన ప్రొఫెసర్ సతీశ్ బహాదూర్ అంతదూరం నుంచి హెగ్గోడు వచ్చి పాఠాలు చెప్పారు. 1964లో పుట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి పి.కె. నాయర్ సినిమా పెట్టెలు పంపించారు. సుబ్బణ్ణగారికి 1991లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఇది విన్నాక కూడా నువ్వు "పల్లెటూరిదాన్ని" అని రాస్తే ఉత్తరం తిప్పి పంపుతాను.

వయసు సంగతీ అంతే. పుణెలో ఏటా వేసవిలో జరిగే ఫిల్మ్ అప్రీసియేషన్ కోర్సుకు వెళ్ళేవాళ్ళలో ఉపాధ్యాయులూ ఉంటారు, ఉద్యోగస్తులూ ఉంటారు, జుట్టు నెరిసినవాళ్ళూ ఉంటారు. అది సినిమా తీయడం నేర్పే చదువు కాదు, చూడటం నేర్పే చదువు. దానికి బతుకు కాస్త చూసి ఉండటమే మేలు.

ఇక నీ మొదటి బాధ. అసలు ఉత్తరం దీనికోసమే.

షాటు, యాంగిల్, కట్ లాంటివి మీ మాస్టారు చెప్తారు, లేదా ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. వాటి జోలికి నేను పోను. నేను చెప్పేది ఒక్కటే, అది నీ నోట్సు మొదటి పేజీలో రాసుకో: ముందు ఏం కనబడిందో, ఏం వినబడిందో చెప్పు. బాగుందా లేదా అన్నది తరువాత. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టులో రీలరును చూశావు కదా? పట్టుగూళ్ళు చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర ఆడించి, నొక్కి, మరక ఉందేమో చూశాకే ధర పలుకుతాడు. మీ క్లాసులో నిన్ను భయపెడుతున్నవాళ్ళు గూడు ముట్టుకోకుండా ధర చెప్పేస్తున్నారు. "మాస్టర్‌పీస్", "ఓవర్‌రేటెడ్" అన్నవి ధరలే. ఆ మాటలకు నువ్వు జడుసుకోవలసిన పని లేదు.

చెప్పడం ఎలాగో ఒక ఉదాహరణ ఇస్తాను. పథేర్ పాంచాలి మీకు రెండో వారమే చూపించారన్నావు. అందులో తండ్రి హరిహర్ చాలా కాలానికి ఇంటికి తిరిగొస్తాడు. గాలివానకు ఇల్లు కూలిపోయి ఉంటుంది. కూతురు దుర్గ చనిపోయిందని అతనికి తెలియదు. తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే తీసి భార్యకు చూపిస్తుంటాడు. ఆమె నోరు విప్పదు. చివరికి దుర్గ కోసం తెచ్చిన చీర చేతిలో పెడతాడు. అప్పుడు ఆమె తట్టుకోలేక ఆ చీరను మొహానికి అదుముకుని కుప్పకూలుతుంది. ఇది కనబడింది. మరి వినబడిందేమిటి? నోరు తెరుచుకునే ఉంటుంది, ఏడుపు మాత్రం వినబడదు. దాని చోట తార్ షెహనాయి పైస్థాయిలో మోగుతుంది. పేరులో షెహనాయి ఉన్నా అది ఊదే వాద్యం కాదు, లోహపు కొమ్ము బిగించిన తీగల వాద్యం, విల్లుతో వాయిస్తారు. సంగీతం రవిశంకర్‌ది, సినిమా సత్యజిత్ రాయ్‌ది, 1955 నాటిది.

ఇంతవరకూ తీర్పు ఒక్కటీ లేదు, గమనించు. ఇప్పుడు ప్రశ్న వేసుకో: ఏడుపు ఎందుకు తీసేశారు? నా జవాబు ఇది. ఏడుపు వినిపించి ఉంటే మనం ఆమెను చూసి జాలిపడి ఊరుకునేవాళ్ళం. గొంతు తీసేసరికి ఆ గొంతు ఎలా ఉంటుందో మనమే ఊహించుకోవాల్సి వస్తుంది. ఎవరి ఇంట్లో విన్న ఏడుపు వాళ్ళకు గుర్తొస్తుంది. నీకు ఇంకో జవాబు తోచవచ్చు. తోచాలి కూడా. అయితే ఆ జవాబు కనబడినదాని మీద, వినబడినదాని మీద నిలబడాలి. మీ క్లాసులో ఈ సినిమా మాట మళ్ళీ వస్తే గొదార్ పేరు తలవకుండానే ఈ నాలుగు మాటలు చెప్పు, చూడు ఏమవుతుందో.

ఇంకో పరీక్ష పెడతాను. మాయాబజార్ నీకు కంఠతా వచ్చు. 1957 సినిమా, కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే కెమెరా. జాతరకొచ్చిన టెంటులో నేల మీద కూర్చుని మీ నాయనా నేనూ చూశాం, టీవీలో నువ్వు చూశావు. మరి చెప్పు, అందులో ధర్మరాజు ఎలా ఉంటాడు? భీముడి వేషం ఎవరు వేశారు? ఆలోచించు. మహాభారతం కథ, అభిమన్యుడి పెళ్ళి గొడవ, ఘటోత్కచుడి హంగామా, అన్నీ ఉన్నాయి, పాండవులు ఐదుగురిలో ఒక్కడూ తెర మీద కనబడడు! వాళ్ళు రాకుండానే కథంతా వాళ్ళ చుట్టూ తిరుగుతుంది. ఎప్పటినుంచో చూస్తున్న సినిమాలో ఇంత పెద్ద ఖాళీ ఉందని మనకు పట్టకపోవడమే పింగళి నాగేంద్రరావు రచనలోని గొప్ప. అందుకే అంటాను, కొత్తవి పది చూసేకంటే ఎరిగినదాన్ని ఒకటి మళ్ళీ చూడు. ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడు. ఇంకోసారి కళ్ళు మూసుకుని విను. రెండుసార్లూ వేరే వేరే సినిమాలు చూసినట్టుంటుంది.

రషోమాన్‌లో నిద్రపోయానని సిగ్గుపడుతూ రాశావు. పోతే పోయావు, ఆఫీసు నుంచి నేరుగా వెళ్తే నిద్ర రాదా! మళ్ళీ చూడు, ఈసారి నీకు తెలిసిన దారిలో వెళ్ళు. అది కురొసావా తీసిన 1950 సినిమా. కుండపోత వానలో, శిథిలమైన నగరద్వారం కింద తలదాచుకున్న మనుషులతో మొదలవుతుంది. వాన కెమెరాకు చిక్కాలని నీళ్ళలో నల్ల సిరా కలిపారని చెప్తారు. మరుసటి ఏడు 1951లో మన బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరి వచ్చింది. అందులోనూ వాన రాత్రే, పాత కట్టడంలో తలదాచుకోవడమే. మల్లి ఆడుతుంది, మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనతో కలిసి చూస్తాడు, ఆమె ప్రియుడు నాగరాజు వేళాకోళానికి ఒక మాట అంటాడు, ఆ మాటే మల్లి, నాగరాజు ఇద్దరి బతుకునూ మార్చేస్తుంది. ఒకరిని చూసి ఒకరు తీశారని నేననడం లేదు. వాన పడితే ఎరగని మనుషులు ఒక కప్పు కిందికి చేరతారు, చేరితే మాట పుడుతుంది. జపానులోనైనా విజయనగరంలోనైనా కథకుడికి ఆ వెసులుబాటు ఒకటే. అక్కడ జరిగిపోయిన దాని గురించి మాటలు, ఇక్కడ జరగబోయేదానికి మాట. ఈ తేడా పట్టుకుని కురొసావాను చూస్తే నిద్ర రాదు.

సంగీతం దగ్గర నీ భయం ఇంకా పెద్దదనిపించింది. రాగం పేరు తెలియకపోతే సంగీతం తెలియనట్టేనని నీకు ఎవరు చెప్పారు? ఫోన్‌లో వెతికి రాగం పేరు కనుక్కుంటున్నానని కూడా రాశావు. ఆ పని మాత్రం వెంటనే ఆపు. పేరు దొరకగానే చెవి పని మానేస్తుంది.

దీనికి బదులు మూడు పనులు చెయ్యి. మొదట తంబూరా విను, పాడేవాళ్ళ గొంతు ఆ శ్రుతికి ఎక్కడ వచ్చి ఆగుతున్నదో చూడు. రెండోది చేత్తో తాళం వెయ్యి. ఆదితాళమైతే ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు, మొత్తం ఎనిమిది. పాట మొదటి మాట దెబ్బ మీదే పడిందా, కాస్త ఆగి పడిందా? భజనలో తాళాలు పట్టినదానివి, ఇది నీకు క్లాసులో అందరికంటే ముందు తెలుస్తుంది. మూడోది, పల్లవి మొదటి వరుస ఒక్కటే పట్టుకుని దాన్ని ఎన్ని రకాలుగా పాడుతున్నారో లెక్కపెట్టు. వాటిని సంగతులంటారు. మాట మారదు, ఒక్కో సంగతికీ వరుస కొంచెం కొంచెం విచ్చుకుంటుంది. త్యాగరాజస్వామి కృతుల్లో ఇది బాగా తెలుస్తుంది.

ఇక్కడే నీకొక లాభం ఉంది, దాంట్లోనే ఒక ప్రమాదమూ ఉంది. త్యాగరాజస్వామి తిరువయ్యారులో కూర్చుని తెలుగులో రాశారు. మైసూరు వాసుదేవాచార్యులు కన్నడ దేశంలో ఉండి తెలుగులోనూ సంస్కృతంలోనూ కృతులు కట్టారు. కైవారం తాతయ్య అని మనం పిలుచుకునే యోగి గాజులమ్ముకుంటూ తిరిగి, తెలుగులో, కన్నడంలో కీర్తనలు చెప్పారు. బెంగళూరు క్లాసులో కృతి పెడితే సగంమందికి అది శబ్దమే, నీకు మాట అర్థమవుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అని నువ్వు నామోషీ పడేది ఈ ఆస్తినే. ఇక ప్రమాదం: అర్థం తెలుస్తుంది కాబట్టి నువ్వు అర్థమే వింటావు, స్వరం చెవిని దాటిపోతుంది. అందుకని మొదటిసారి సాహిత్యం విను, రెండోసారి మాట తెలియనట్టు విను.

రాగాల పేర్లు వాటంతటవే వస్తాయి. ఊరికే ఒక ఆశ చూపిస్తాను: మూలరాగాల్లో, అంటే మేళకర్తల్లో, 29వది శంకరాభరణం, 65వది కల్యాణి. రెండింటికీ తేడా ఒక్క మధ్యమమే. మొత్తం 72 మేళకర్తల్లో మొదటి 36 శుద్ధ మధ్యమానివి, తరువాతి 36 ప్రతి మధ్యమానివి, అందుకే జతలన్నీ 36 ఎడంలో ఉంటాయి. మీ మాస్టారిని ఈ రెండూ పక్కపక్కన పాడించమని అడుగు. ఆ ఒక్క స్వరం మారినప్పుడు నీ మెడ దానంతటదే కదులుతుంది. పేరు ఆ తరువాత నేర్చుకో.

భాష గురించి ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఒక ఊరి కథ అని 1977లో ఒక తెలుగు సినిమా వచ్చింది. తీసింది బెంగాలీ మృణాల్ సేన్. కథ ప్రేమ్‌చంద్ మొదట ఉర్దూలో రాసిన కఫన్. అందులో తండ్రి వేషం వేసిన ఎం.వి. వాసుదేవరావు కన్నడ నటుడు, చోమన దుడిలో నటించి జాతీయ పురస్కారం అందుకున్నవాడు. మన ఎల్లల మీది ఊళ్ళకు సరిపడే సినిమా అది. మీ క్లాసులో దాని పేరు ఎవరూ ఎత్తి ఉండరు. నువ్వు ఎత్తు.

నాయర్‌గారు చీకటి హాల్లో చిన్న టార్చి పెట్టుకుని ప్రతి సినిమాకూ నోట్సు రాసుకునేవారు. ఆర్కైవ్ కట్టినాయనే రాసుకుంటే నువ్వు రాసుకోవడానికేం? రెండు రూళ్ళ పుస్తకం కొనుక్కో. ఎడమ పేజీలో కనబడినవీ వినబడినవీ రాయి. కుడి పేజీలో నీకు అనిపించినవి రాయి. ఎడమ పేజీ నిండకుండా కుడి పేజీలో కలం పెట్టకు. సినిమాకు ముందు రివ్యూ చదవకు. "బోరు" అన్న మాట ఈ వేసవంతా వాడకు. ఎక్కడ బోరు కొట్టిందో, అప్పుడు తెర మీద ఏముందో రాస్తే అదే మంచి నోట్సు.

వచ్చే శనివారం క్లాసుకి వెళ్ళి చెయ్యెత్తి ఒక్క వాక్యం చెప్పు, కనబడిందే చెప్పు. కోర్సు అయ్యాక ఆషాఢ పున్నమికి ఊరికి రా, కైవారంలో గురుపూజ సంగీతోత్సవం ఉంటుంది. రాగాల పేర్లు చెప్పే ఆ నీ తోటివాళ్ళను కూడా వెంటబెట్టుకుని రా. పాటలో మాటలు వాళ్ళకు నువ్వు చెప్పు, రాగం నీకు వాళ్ళు చెప్తారు. భోజనాలు మన ఇంట్లోనే, ఎంతమందో ముందుగా మీ పెద్దమ్మకు చెప్పు.

ఆశీస్సులతో,
నీ పెద్దనాయన