విహారయాత్ర డ్యూటీ పడిందా?

డిసెంబరు, జనవరి నెలలొస్తే మన పుల్లలచెరువు, యర్రగొండపాలెం, త్రిపురాంతకం బళ్ల నుంచి హైదరాబాదుకు టూరు బస్సులు బయల్దేరతాయి. అర్ధరాత్రి దాటాక బస్సెక్కి మాచర్ల, సాగర్ మీదుగా పోతే గేట్లు తెరిచే వేళకు రామోజీ ఫిల్మ్ సిటీ దగ్గరో, రావిర్యాలలోని వండర్‌లా దగ్గరో దిగొచ్చు. పిల్లల వెంట ఎవరు వెళ్లాలన్న మాట వచ్చేసరికి స్టాఫ్ రూములో సీనియర్లకు మోకాళ్ల నొప్పులు గుర్తొస్తాయి. "కుర్రాళ్లు, మీరే వెళ్లిరండి మాస్టారూ, సరదాగా ఉంటుంది" అంటూ హెచ్‌ఎం గారు కొత్తగా డీఎస్సీలో వచ్చినవాళ్ల వైపు చూస్తారు. సరదా పిల్లలకు. మీకు మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా తలలు లెక్కపెట్టే డ్యూటీ.

కొత్తవాళ్లు ముందుగా చేసే పని వాట్సాప్ గ్రూపు పెట్టడం. పెట్టండి, తప్పులేదు. దాన్ని నమ్ముకుని పిల్లల్ని మాత్రం వదలొద్దు. హైస్కూలు పిల్లల్లో చాలామంది దగ్గర ఫోను ఉండదు. టీచర్ల ఫోన్లకేమో మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతుంది, పొద్దున్నుంచీ వీడియోలు తీసింది వాటితోనే కదా. వండర్‌లాలో నీళ్ల ఆటలకు దిగితే ఫోను లాకర్లోకి పోతుంది. జనం విపరీతంగా పోగైనచోట సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా కాల్ కలవకపోవచ్చు. అలాంటప్పుడు మామూలు ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళ్లిపోతుంది, దాన్ని మరిచిపోవద్దు. వాట్సాప్ లైవ్ లొకేషన్‌కు పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులున్నాయి. టీచర్లు ఒకరినొకరు వెతుక్కోవడానికి గంట గడువు పెట్టుకుంటే కొంత పనికొస్తుంది. కప్పు కింద ఉన్న హాల్లోకి వెళ్లాక మాత్రం మ్యాపులో చుక్క ఒకచోట, మనిషి ఒకచోట.

అందుకే నేను చెప్పే పద్ధతిలో ఫోను చివరి దిక్కు. ఎన్ని గంటలకు, ఏ చోట కలవాలో బస్సు దిగకముందే ప్రతి పిల్లాడికీ నోటికి వచ్చి ఉండాలి. ఫోన్లన్నీ చచ్చిపోయినా ఆ గంటకు ఆ చోటికి అందరూ చేరుకునేట్టు ఏర్పాటుంటే మీరు గెలిచినట్టే.

కలిసే చోటును ఎంచడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. "టికెట్ కౌంటర్ దగ్గర", "క్యాంటీన్ దగ్గర" అంటే చాలదు, అలాంటివి నాలుగైదు ఉంటాయి. పార్కు మొత్తంలో ఒక్కటే ఉండేది, పేరు చెబితే అక్కడి సిబ్బంది ఎవరైనా చెయ్యెత్తి చూపించేది కావాలి. రామోజీలో అయితే యురేకా. గేటు దగ్గర టికెట్లు తీసుకున్నాక వాళ్ల బస్సులు తీసుకెళ్లి దింపేది అక్కడే, తిరిగి బయల్దేరేదీ అక్కడినుంచే. 1,666 ఎకరాల జాగా అది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ రికార్డు ఉంది. అందులో పిల్లాడిని వెతకాలంటే అయ్యే పని కాదు, పిల్లాడే మీ దగ్గరికి రావాలి. కలిసేచోట మీలో ఒకరు కదలకుండా కూర్చోవాలి. టూరు చూసే అదృష్టం లేని ఆ ఉద్యోగం ఎవరికీ ఇష్టం ఉండదు, కాబట్టి రెండేసి గంటలకు మారండి. కానీ కుర్చీ మాత్రం ఖాళీ కాకూడదు.

స్టూడియో చుట్టూ తిప్పే బస్సుల్లో పిల్లలు చీలిపోతారు. ఒక బస్సు నిండగానే "మిగతావాళ్లు వెనక బండిలో" అంటారు. వెనక బండిలో మనవాళ్లు ఆరుగురు, వేరే ఊరి పిల్లలు ముప్పైమంది. దిగేచోట వాళ్లవెంట వీళ్లూ వెళ్లిపోతారు. ముందే చెప్పిపెట్టండి: "బండి తప్పిపోతే పరిగెత్తొద్దు. వెనక బండెక్కి యురేకాలో దిగండి, నేను ఆడనే ఉంటా."

ఇప్పుడు యూనిఫాం సంగతి. మన పిల్లలు యూనిఫాంలోనే ఉన్నారు, ఇట్టే గుర్తుపట్టొచ్చు అనుకుంటాం. 2020లో జగనన్న విద్యాకానుక వచ్చినప్పటినుంచి, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్లలోనూ, రాష్ట్రంలో ప్రభుత్వ బడి పిల్లలందరికీ ఒకే రకం బట్ట ఇస్తున్నారు. టూర్ల సీజనులో కర్నూలు నుంచి వచ్చిన పిల్లలూ, శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలూ మనవాళ్లలాగే కనిపిస్తారు. దూరం నుంచి చూసి "మనోళ్లే" అనుకుని లెక్కలో కలిపేసుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ముదురు రంగు రిబ్బన్లు రంగుకొక చుట్ట కొని, బడిలోనే ముక్కలు కత్తిరించి, జట్టుకొక రంగు చొప్పున ఎడమ మణికట్టుకు కట్టండి. నైలాన్ రిబ్బనైతే నీళ్లలోనూ ఉంటుంది. మెడలో ఐడీ కార్డు మంచిదే గానీ రైడ్ల దగ్గర దాన్ని తీసేయమంటారు. వండర్‌లా నీళ్ల ఆటల దగ్గర యూనిఫాం విప్పి నైలాన్ బట్టలు వేసుకోవాలి, చెప్పులు, కార్డు, ఫోను అన్నీ బయటే. బడి గుర్తంటూ పిల్లాడి ఒంటిమీద మిగిలేది ఆ రిబ్బన్ ఒక్కటే. తడికి చెరగని మార్కర్‌తో ముంజేతి మీద టీచర్ నంబరు రాస్తే ఇంకా మేలు.

జట్టు అంటే నలుగురు. ముగ్గురైతే ఇద్దరు ఒకటై ఒకరు మిగులుతారు, ఆరుగురైతే రెండుగా చీలతారు. ప్రతి జట్టులో బాగా తెలివైనవాణ్ణి కాకుండా, గొడవ చేసేవాణ్ణి లీడరుగా పెట్టండి. బాధ్యత మెడకు చుట్టుకుంటే వాడి కళ్లే అందరికన్నా చురుగ్గా పనిచేస్తాయి. ఇది నా అభిప్రాయమే, ఒప్పుకోని సీనియర్లూ ఉన్నారు.

నలుగురి జట్టు ఎక్కడ తెగుతుందో దగ్గరగా చూడండి. పెద్ద రైడు ముందు క్యూ. మన జట్టులో ముగ్గురు తొమ్మిదో తరగతి, ఒకడు ఆరో తరగతి. గేటు దగ్గర కొలత కర్ర ఉంటుంది. పొట్టివాణ్ణి నిలబెట్టి, తల కర్రకు అందలేదని సిబ్బంది పక్కకు పొమ్మంటారు. ముగ్గురూ లోపలికెళ్లిపోతారు. "ఈడ్నే ఉండరా, వచ్చేస్తాం" అంటారు. వీడు ఎక్కే గేటు దగ్గర నిలబడి చూస్తూ ఉంటాడు. వాళ్లు దిగేది అవతలి వైపు. దిగినవాళ్లు "వాడు పక్క రైడుకు పోయుంటాడ్లే" అనుకుంటారు, వీడు "నన్ను వదిలేసి పోయారు" అనుకుంటాడు. ఇరవై అడుగుల దూరంలో ఉండి కూడా ఒకరికొకరు తప్పిపోయారు. తరగతులవారీగా కాకుండా ఎత్తు చూసి జట్లు కడితే ఈ గొడవ చాలావరకు ఉండదు. అప్పటికీ ఒకడు ఆగిపోతే, వాడితో ఇంకొకడు ఆగాలి, ఇద్దరూ దిగే గేటు దగ్గరే నిలబడాలి. ఈ ఒక్క నియమాన్ని బస్సులో మైకు పట్టుకుని మూడుసార్లు చెప్పండి.

బాత్రూముకూ ఇద్దరే వెళ్లాలి. ఆడపిల్లల వెంట మేడం గారు తప్పనిసరి.

ఇక ఫోన్ల పంపకం. ఫొటోల సారు వేరు, ఫోను సారు వేరు. ఈ రెండు పనులూ ఒకే మనిషికి ఇవ్వొద్దు. ఫోను సారు దగ్గర కీప్యాడ్ సెట్టు ఉంటే మరీ మంచిది, చార్జింగ్ దిగులుండదు. పిల్లలకు ఇచ్చే నంబరు అదే. టీచర్ల సిమ్ములన్నీ ఒకే కంపెనీవి కాకుండా చూసుకోండి. మనవైపు ఊళ్లో ఏది అందితే అదే సిమ్ము అందరూ వాడతారు, అక్కడ అది మొరాయిస్తే అందరివీ ఒకేసారి ఆగిపోతాయి. ఆ ఒక్కరోజు తెలియని నంబరు నుంచి వచ్చే ప్రతి కాలూ ఎత్తాలి. లోను కావాలా అని విసిగించేవాళ్ల భయంతో మనం కొత్త నంబర్లు ఎత్తడం మానేశాం. తప్పిపోయిన పిల్లాడు చేసేది కొత్త నంబరు నుంచే, ఎవరో పుణ్యాత్ముడి ఫోను అడుక్కుని.

ఆ నంబరు పిల్లాడికి నోటికి రావాలి. టూరుకు వారం ముందునుంచి ప్రార్థన అయ్యాక ఎక్కాల్లాగా చెప్పించండి. దాంతోపాటు ఒక వాక్యం: "మాది పుల్లలచెరువు హైస్కూలు, మార్కాపురం జిల్లా, మా సారు నంబరు ఇది." నల్లమల అంచు గూడేల నుంచి వచ్చే పిల్లలకు, ఊరు దాటి ఎరగని పిల్లలకు, యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీ వాణ్ణి చూస్తే నోరు పెగలదు. ఆ మనిషికి తెలుగు రాకపోవచ్చు కూడా. అందుకే అదే వాక్యం హిందీలో, ఇంగ్లీషులో కాగితం మీద రాసి జేబులో పెట్టండి. వాకీటాకీల ఆలోచన ఉంటే, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్‌తో పనిచేసేవాటికి 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మేవన్నీ ఆ కోవలోకి రావు, పెట్టె మీద చూసి కొనండి.

అమ్మానాన్నల నంబర్లు రిజిస్టరులో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. మిరపకాయ కోతలకు గుంటూరు, పల్నాడు వైపు వెళ్లిన కుటుంబాల సిమ్ములు మారిపోయి ఉంటాయి, రీచార్జి లేక ఇన్‌కమింగ్ ఆగిపోయి ఉంటుంది. రెండు రోజుల ముందు ప్రతి నంబరుకూ ఒక్కసారి ఫోన్ చేసి చూడండి. ఎత్తనివాళ్లకు పక్కింటివాళ్ల నంబరు రాసుకోండి.

ఈ ఫోన్లలోనే ఇంకో ముఖ్యమైన మాట చెప్పేయాలి. మనవాళ్ల బంధువులు ఎంతోమంది ఎల్బీ నగర్ చుట్టుపక్కల పనులు చేసుకుంటున్నారు. పిల్లాడు ఫిల్మ్ సిటీకి వస్తున్నాడని తెలిసి మామయ్యో బాబాయో గేటు దగ్గరికి వస్తాడు. "ఒక్క గంట ఇంటికి తీసుకెళ్లి బువ్వ పెట్టి తెస్తా సార్" అంటాడు. కొన్నిసార్లు అదీ అడగడు, పిల్లాణ్ణి బండెక్కించుకుని పోతాడు. పిల్లాడు సంతోషంగానే ఉంటాడు, ఇక్కడ మీ గుండె ఆగిపోతుంది. ఎవరు వచ్చినా పంపబోమని, గేటు దగ్గర టీచర్ల ముందు చూసి మాట్లాడి వెళ్లొచ్చని తల్లిదండ్రులకు ముందే చెప్పండి. మొహమాటపడితే కుదరదు.

బస్సు దిగగానే జట్టుకొక ఫొటో తీయాలి, నిలువునా, ముఖాలూ బట్టలూ చెప్పులూ కనబడేట్టు. బస్సు నంబరు ప్లేటుకూ ఒకటి. పార్కింగులో తెల్ల బస్సులన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరైనా కనబడకపోతే "గళ్ల చొక్కా, సన్నగా ఉంటాడు" అని తడుముకోకుండా ఈ ఫొటో చూపించొచ్చు.

కనబడకపోతే ఏం చేయాలి? ముందు అందర్నీ కూర్చోబెట్టండి. మిగతా పిల్లల్ని వెతకడానికి తరమొద్దు, ఒకడి కోసం వెళ్లి ముగ్గురు తప్పిపోతారు. ఒక టీచరు పిల్లల దగ్గర, ఒకరు చివరిసారి చూసిన చోటికి, ఒకరు ఫొటోతో సెక్యూరిటీ దగ్గరికి. మైకులో పేరు పిలిపించండి, ఆ వెంటనే బయటికి వెళ్లే గేట్ల మీద కన్నేసి ఉంచమని అడగండి. పిల్లలకైతే ఇంతే నేర్పండి: తప్పిపోయావని తెలిసిన చోటే ఆగు. సారు వెతుక్కుంటూ వస్తాడు. ఇద్దరూ వెతుక్కుంటే ఇద్దరూ దొరకరు.

పావుగంటలో ఆచూకీ తెలియకపోతే 112కు చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న మాట ఎవరు చెప్పినా వినొద్దు. పిల్లలు కనబడలేదన్న ఫిర్యాదు రాగానే ఎఫ్ఐఆర్ కట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వాట్సాప్ గ్రూపులో మాత్రం "ఫలానావాడు కనబడట్లేదు" అని పెట్టొద్దు. ఆ మాట పుల్లలచెరువు బస్టాండుకు మీకన్నా ముందు చేరుతుంది, చేరేసరికి ఇంకేదో అయిపోతుంది. హెచ్‌ఎం గారికి ఫోన్ చేయండి, అరగంట దాటితే కన్నవాళ్లకు మీరే స్వయంగా చెప్పండి.

దారిలో ఆగే చోట్ల గురించి ఒక మాట. ఎత్తిపోతల దగ్గర, సాగర్ దగ్గర "ఫొటో దిగుదాం సార్" అని పిల్లలు గోల చేస్తారు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలకు దిగిన హైదరాబాదు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్ల టూరు మనిషి ఒకరు, పైనున్న లార్జి డ్యాం నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. వాళ్లు పెద్దవాళ్లు, చేతిలో ఫోన్లున్నవాళ్లు. డ్యాం దిగువన నీళ్ల అంచుకు ఎవర్నీ దింపొద్దు. రోడ్డు మీదినుంచి చూపించి బస్సెక్కించండి.

లెక్క విషయంలో "అందరూ వచ్చారా?" అని అడగొద్దు. "వచ్చాం సార్" అని రానివాళ్ల తరఫున కూడా అరుస్తారు. బస్సు కదిలే ప్రతిసారీ పేరు పిలవాలి, పిల్లాడు లేచి నిలబడాలి. ఒకరు పిలిస్తే ఇంకొకరు విడిగా తలలు లెక్కపెట్టాలి, రెండు అంకెలూ కలిశాకే డ్రైవరుకు చెప్పాలి. పెట్రోలు బంకు దగ్గర ఆగినా ఇదే, టీ కోసం ఆగినా ఇదే.

తిరుగు ప్రయాణంలో నిద్రమత్తు ఎక్కువ, జాగ్రత్త తక్కువ. అడ్డరోడ్డు రాగానే "మా ఊరిదే సార్, ఈడ దిగిపోతా" అని నలుగురు లేస్తారు. అర్ధరాత్రి చీకట్లో ఎవర్నీ దింపొద్దు. సాగర్ దాటగానే ఇళ్లకు ఫోన్ చేసి ఎన్ని గంటలకు ఎక్కడికి రావాలో చెప్పండి. పిల్లాణ్ణి తీసుకెళ్లే మనిషి చేత జాబితాలో పేరు ఎదురుగా సంతకమో వేలిముద్రో పెట్టించుకోండి. ఎవరూ రాని పిల్లలు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ మిగులుతారు, వాళ్లను బైకు మీద ఇంటిదాకా దింపిరండి. మర్నాడు ఆ జాబితాను ఆఫీసులో ఇచ్చాకే ఓడీ రాసుకోండి.