నేలమీది గూడు
పాఠభాగము: ద్వితీయోపదేశకాండము 22:6, 7

ప్రియులారా, మోదుగలు పూచి, బూరుగు చెట్లమీద గోరువంకలు గుమిగూడు ఈ వసంతకాలమున, ఒక ఉదయమున పిల్లలను వెంటబెట్టుకొని ఊరి చెరువు వెనుకనున్న చిట్టడవికి వెళ్లుడి. అడవికి వెళ్లినవారు కొమ్మలవైపే చూతురు. అయితే నేలవైపును చూడవలెను. ఏలయనగా తీతువు పిట్ట గూడు నేలమీదనే యుండును.

తీతువును గుర్తించుట సులభము. తలయు రొమ్మును నలుపు. కాళ్లు పొడవై పసుపుపచ్చగా నుండును. కంటి ముందర ఎఱ్ఱని తోలు కనబడును. వేసవి సమీపించగా అది గులకరాళ్ల నడుమ చిన్న గుంట చేసి, సాధారణముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. మచ్చలుగల ఆ గ్రుడ్లు రాళ్లలో కలిసిపోవును. ఆడదియు మగదియు వంతులవారీగా పొదుగును. ఎండ తీవ్రమైనప్పుడు పొట్ట ఈకలు నీట తడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లబరచును. దాదాపు నాలుగు వారములకు పిల్లలు వెలువడి, త్వరలోనే పరుగెత్తును.

తీతువు కూసిన చావు వచ్చునని మనలో అనేకులు భయపడి రాళ్లు రువ్వుదురు. ఆ కూత మన చావునుగూర్చినది కాదు. పగలైనను రాత్రియైనను ఎవరైనను గూటికి సమీపించినయెడల, తన గ్రుడ్ల నిమిత్తము అది మొఱపెట్టును. అపశకునమని మనము తరుముచున్నది ఒక తల్లిని!

మోషే ధర్మశాస్త్రము చెట్టుమీది గూటితోపాటు నేలమీది గూటినికూడ పేర్కొనుచున్నది. పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనరాదని ఆజ్ఞ. తలిదండ్రులను సన్మానించువారికి మేలును దీర్ఘాయువును వాగ్దానము చేయబడెను గదా. ఈ ఆజ్ఞకును ఆ వాగ్దానమే జతచేయబడెను.

ఇది అల్ప విషయము కాదు. బట్టమేక పిట్టయు నేలమీదనే, సాధారణముగా ఒక్క గ్రుడ్డే పెట్టును. దాని నిమిత్తము కర్నూలు ప్రాంతమున రోళ్లపాడు అభయారణ్యము 1988లో ఏర్పడెను. అయినను గడ్డిబీళ్లు తరిగిపోగా, నేడు అది అక్కడ కనబడుట బహు అరుదు.

కావున తీతువు తలపైన తిరుగుచు అరచినప్పుడు నిలిచిపోవుడి. పాదములవద్ద చూచుకొని, వచ్చిన దారినే వెనుకకు మరలుడి. గ్రుడ్లను ముట్టకుడి. అచ్చట ఆలస్యము చేయకుడి. తల్లి లేనప్పుడు ఎండయు కాకియు వాటికి శత్రువులు. కుక్కను వెంట తీసికొని పోకుడి. పిల్లల చేతి ఉండేలు ఇంటనే ఉండనిండి.

ఆలోచించుడి:
1. మన పొలములో దుక్కికి ముందు నేలమీది గూళ్లను వెదకుదుమా?
2. ఇకమీదట తీతువు కూసినప్పుడు మన పిల్లలతో ఏమి చెప్పుదుము?