డయోడ్‌ను తిరగేసి పెడితే ఏమవుతుంది?

రివర్స్ బయాస్‌లో డయోడ్ కరెంటును ఆపుతుంది. కానీ పూర్తిగా కాదు, కాస్త లీకవుతుంది. ఒక హద్దు దాటితే దారి వదిలేస్తుంది కూడా. ఈ మూడింటినీ ఒక చిన్న బ్యాటరీతో మీరే కొలిచి చూడొచ్చు.

కావలసినవి: బ్రెడ్‌బోర్డు, 9 వోల్టుల బ్యాటరీ, డిజిటల్ మల్టీమీటర్, 1 కిలో ఓమ్, 2.2 కిలో ఓమ్ రెసిస్టర్లు, 1ఎన్4007 డయోడ్, 5.1 వోల్టుల అర వాట్ జీనర్ డయోడ్.

1. కొనలు గుర్తుపట్టండి. చార ఉన్న వైపు క్యాథోడ్, రెండోది యానోడ్.

2. ముందు ఫార్వర్డ్‌లో కలపండి. బ్యాటరీ ప్లస్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి 1ఎన్4007 యానోడ్, క్యాథోడ్ నుంచి మైనస్. డయోడ్ కొనల మధ్య 0.6-0.7 వోల్టులు కనిపిస్తాయి.

3. డయోడ్‌ను తిప్పండి. ఇప్పుడు మీటరు దాదాపు 9 చూపుతుంది. కరెంటు పారడం లేదు కాబట్టి రెసిస్టర్ మీద వోల్టేజీ పడదు, అంతా డయోడ్ మీదే నిలుస్తుంది. లోపల ఎలక్ట్రాన్లు, హోల్స్ జంక్షన్‌కు దూరంగా జరిగిపోయి, వాటి మధ్య ఖాళీ అయిన డిప్లీషన్ పొర వెడల్పవుతుంది.

4. లీకేజీ కొలవండి. రెసిస్టర్ తీసేసి, ఆ చోట మీటరును డీసీ వోల్టుల రేంజిలో పెట్టండి. చాలా మీటర్ల లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు. మీదీ అంతేనా అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. అంతే అయితే, 0.1 వోల్టు చూపిందంటే 10 నానో ఆంపియర్లు లీకవుతున్నట్టు. డయోడ్‌కు హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి తగిలించండి, అంకె పెరుగుతుంది. ఉజ్జాయింపుగా ప్రతి 10 డిగ్రీలకూ లీకేజీ రెట్టింపవుతుంది.

5. జీనర్ పెట్టండి. మూడో మెట్టులోని సర్క్యూటే, 1 కిలో ఓమ్ రెసిస్టర్‌తోనే. మీటరు 9 కాదు, సుమారు 5 చూపుతుంది. మిగిలిన 4 వోల్టులు రెసిస్టర్ మీద పడ్డాయి, అంటే దాదాపు 4 మిల్లీ ఆంపియర్లు పారుతున్నాయి. ఇదే బ్రేక్‌డౌన్. రెసిస్టర్ మార్చి 2.2 కిలో ఓమ్ పెట్టండి. కరెంటు సగానికి పైగా తగ్గినా జీనర్ వోల్టేజీ కొద్దిగానే మారుతుంది. వోల్టేజీని నిలకడగా ఉంచడానికి జీనర్‌ను వాడేది ఇందుకే.

జాగ్రత్త: డయోడ్‌ను చంపేది బ్రేక్‌డౌన్ కాదు, అదుపులేని కరెంటు పుట్టించే వేడి. రెసిస్టర్ లేకుండా జీనర్‌ను బ్యాటరీకి కలపొద్దు. 1ఎన్4007 రివర్స్‌లో 1000 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ఆ హద్దును ఇంట్లో పరీక్షించే పని పెట్టుకోవద్దు. సర్క్యూటుకు డయోడ్ ఎంచుకునేటప్పుడు మాత్రం లెక్క వేయండి: ఇంటి 230 వోల్టుల ఏసీ శిఖరం దాదాపు 325. డయోడ్ రివర్స్ రేటింగు దానికంటే బాగా ఎక్కువే ఉండాలి.